ఆ ఎనిమిది సెకన్లు ఎక్కడ పోయాయి?

ముందు ఒక చిన్న లెక్క. 87 గంటల 38 నిమిషాల 35 సెకన్లు. అన్నీ సెకన్లలోకి మారిస్తే 3,15,515. ఇందులో 8 సెకన్లు ఎంత శాతం? దాదాపు 0.0025. మా ఆఫీసులో సర్వర్ ఏడాది మొత్తం మీద 99.99 శాతం సమయం పడిపోకుండా నడిస్తే కేక్ కోస్తారు. ఇక్కడ ఒక మనిషి అంతకంటే బాగా నడిచాడు. ఆ మిగిలిన చిన్న ముక్క దగ్గర ఓడిపోయాడు. ఓడిపోతే ఓడిపోయాడు, బతికినంత కాలం జనం ఆయన్ని ఆ ముక్కతోనే గుర్తుపెట్టుకున్నారు.

పేరు లోరాన్ ఫిన్యోన్. ఊరు పారిస్. రేసు 1989 టూర్ ద ఫ్రాన్స్. అప్పటికి నేను పుట్టలేదు, ఇది చదువుతున్న మీలో చాలామంది కూడా పుట్టి ఉండరు.

పోయినేడు సైకిల్ కొన్నాను. కొన్న వారంలోనే యూట్యూబ్‌కి విషయం తెలిసిపోయింది, వరసగా సైకిల్ వీడియోలే తెచ్చి పడేసింది. వాటిలో ఒకటి ఈ రేసు చివరి రోజుది. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన, బంగారు రంగు పోనీటెయిల్ గాలికి ఎగురుతుంటే, పారిస్ వీధిలో ప్రాణం పెట్టి తొక్కుతుంటాడు. పక్కన గడియారం అంకెలు పరుగెడుతుంటాయి. గీత దాటి రోడ్డు మీద కూలబడతాడు. ఎనిమిది సెకన్ల తేడాతో టూర్ పోయింది. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: జుట్టు కత్తిరించుకుని ఉంటే గెలిచేవాడు!

నేనూ నమ్మేశాను. ఆఫీసు క్యాంటీన్‌లో ఇద్దరు ముగ్గురికి ఇదే కథ చెప్పి, 'చూశారా, చిన్న విషయాలే ముఖ్యం' అని జ్ఞానం కూడా పంచాను. తర్వాత ఒక ఆదివారం తోచక ఆ రేసులో ఏ రోజు ఎవరికి ఎంత టైమ్ వచ్చిందో తీసి చూశాను. ఏదైనా క్రాష్ అయితే లాగ్స్ చూడడం మా పనే కదా. చూశాక, క్యాంటీన్‌లో చెప్పిన కథ వెనక్కి తీసుకోవాలనిపించింది. ఈ వారం కాలమ్ అందుకే.

టూర్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మూడు వారాల పాటు రోజుకో దశ చొప్పున సాగే రేసు ఇది. ప్రతి రోజూ మీరు తొక్కిన టైమ్‌ని రాసిపెట్టుకుంటారు. అన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్ళే విజేత. ఏ రోజుకారోజు మొత్తం మీద ముందున్నవాడికి పసుపు జెర్సీ. మామూలు రోజుల్లో గుంపుగా పోతారు, ముందువాడి వెనక నక్కితే గాలి తగలదు, శ్రమ తగ్గుతుంది. కొన్ని రోజులు మాత్రం టైమ్ ట్రయల్. ఒక్కొక్కరే బయల్దేరాలి. వెనక దాక్కోవడానికి ఎవరూ ఉండరు, మీరూ గడియారమూ అంతే. 1989లో మొత్తం దూరం దాదాపు 3,285 కిలోమీటర్లు.

ఇక మనుషులు. ఫిన్యోన్ 1983లో, 1984లో టూర్ గెలిచాడు. మొదటిసారి గెలిచినప్పుడు 22 ఏళ్ళు, అంటే మనం బీటెక్ సర్టిఫికెట్లు చేతిలో పట్టుకుని బెంచ్ మీద కూర్చునే వయసు. కళ్ళజోడు ఉంది కాబట్టి, సైకిలిస్టుల్లో కాస్త చదువుకున్నవాడు కాబట్టి 'ప్రొఫెసర్' అని పిలిచేవాళ్ళు. ఆ తర్వాత మడమ దగ్గర గాయం, ఆపరేషన్, నాలుగైదేళ్ళు అవస్థలు. 1989 జూన్‌లో ఇటలీ టూర్, అంటే జిరో, గెలిచి మళ్ళీ నిలబడ్డాడు. విలేకరులతో పడదు. కెమెరా మొహం మీదకి వస్తే కసురుకుంటాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం.

రెండోవాడు అమెరికన్, గ్రెగ్ లెమాండ్. 1984లో ఇద్దరిదీ ఒకే టీమ్, ఇద్దరి గురువూ ఒకరే, సిరీల్ గిమార్. ఆ ఏడు ఫిన్యోన్ మొదటి స్థానం, లెమాండ్ మూడు. 1986లో లెమాండ్ టూర్ గెలిచాడు, అది గెలిచిన మొదటి అమెరికన్ అతనే. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో బంధువులతో వేటకెళ్తే, బావమరిది వరస అయ్యే వ్యక్తి పొరపాటున అతన్నే కాల్చాడు. హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళి బతికించారు. ముప్పైకి పైగా తుపాకీ రవ్వలు ఒంట్లోనే ఉండిపోయాయి, కొన్ని గుండె పొరలో. రెండేళ్ళు ఎక్కడా గెలుపు లేదు. 1989 జిరోలో ఫిన్యోన్ గెలిస్తే, లెమాండ్ 50 నిమిషాలకు పైగా వెనక. టూర్‌కి వచ్చేసరికి ఒక చిన్న బెల్జియన్ టీమ్‌లో ఉన్నాడు. గెలుస్తాడని పందెం కాసేవాళ్ళు దాదాపు లేరు.

(మూడో మనిషి పెద్రో దెల్గాదో, క్రితం ఏడాది విజేత. ఈయనది వేరే కామెడీ, వేరే ట్రాజెడీ. లక్సెంబర్గ్‌లో రేసు మొదలైన రోజు వార్మప్ చేసుకుంటూ పక్క వీధుల్లోకి పోయి, తన టైమ్‌కి రాలేదు. గడియారం ఆగదు కదా. 2 నిమిషాల 40 సెకన్లు లేటుగా బయల్దేరాడు. ఆ దెబ్బకి నిద్రపట్టక మర్నాడు టీమ్ దశలో కూడా నీరసపడ్డాడు. రెండు రోజుల్లోనే ఏడు నిమిషాలకు పైగా పోయాయి. చివరికి మూడో స్థానంలో వచ్చాడు, లెమాండ్‌కి 3 నిమిషాల 34 సెకన్ల వెనక. లెక్క మీరే వేసుకోండి.)

ఇప్పుడు లాగ్స్ తెరుద్దాం. మొదటి రోజు చిన్న టైమ్ ట్రయల్‌లో ఫిన్యోన్, లెమాండ్ సెకన్లలో సరిసమానం. మర్నాడు టీమ్ మొత్తం కలిసి తొక్కే టైమ్ ట్రయల్. ఫిన్యోన్ టీమ్ బలమైంది, అదే గెలిచింది. లెమాండ్ టీమ్ 51 సెకన్లు వెనక. అంటే లెమాండ్ సొంతంగా ఏ తప్పూ చేయకుండానే 51 సెకన్ల అప్పు నెత్తిన పడింది. ఐదో దశలో దినార్ నుంచి రెన్ దాకా 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. లెమాండ్ గెలిచాడు, ఫిన్యోన్ కంటే 56 సెకన్లు తక్కువలో. యాభై ఆరులో యాభై ఒకటి పోతే ఐదు. ఐదు సెకన్ల ఆధిక్యంతో పసుపు జెర్సీ లెమాండ్‌కి.

పిరనీస్ కొండల్లో సూపర్‌బాన్యేర్ ఎక్కుతుంటే లెమాండ్ చివర్లో 12 సెకన్లు పోగొట్టుకున్నాడు. జెర్సీ ఫిన్యోన్‌కి, తేడా 7 సెకన్లు. ఆల్ప్స్ మొదట్లో కొండ మీదకి టైమ్ ట్రయల్. లెమాండ్ 47 సెకన్లు లాగాడు, జెర్సీ మళ్ళీ ఇటు, తేడా 40. తర్వాతి దశలో బ్రియాన్సోన్ దారిలో ఇంకో 13. మొత్తం 53. ఇక్కడికి లెమాండ్ గెలిచినట్టే అనుకోవచ్చు.

కానీ మరుసటి రోజు అల్ప్ దుయెజ్. ఇరవై ఒక్క మలుపుల కొండ రోడ్డు, సైకిల్ పిచ్చి ఉన్నవాళ్ళకి తిరుమల మెట్ల దారి లాంటిది, ఒక్కసారైనా ఎక్కాలనుకుంటారు. కార్లో వెనక వస్తున్న గిమార్‌కి లెమాండ్ బాగా తెలుసు. భుజాలు ఊగుతున్న తీరు చూసి 'వీడి పని అయిపోయింది, ఇప్పుడు కొట్టు' అన్నాడట ఫిన్యోన్‌తో. ఫిన్యోన్ దగ్గర కూడా శక్తి లేదు, కాసేపు ఆగి, నాలుగు కిలోమీటర్లు మిగిలి ఉండగా కొట్టాడు. ఆ నాలుగు కిలోమీటర్లలో 1 నిమిషం 19 సెకన్లు. జెర్సీ ఫిన్యోన్‌కి, తేడా 26. మర్నాడు ఒంటరిగా దూసుకెళ్ళి దశ గెలిచి ఇంకో 24 సంపాదించాడు. మొత్తం 50 సెకన్లు.

ఒక్కసారి ఆగి చూడండి. మూడు వారాల్లో ఈ ఇద్దరి మధ్య తేడా ఎప్పుడూ నిమిషం దాటలేదు. జెర్సీ ఇటు, అటు, ఇటు, అటు. మనం చూసే ఆ పది నిమిషాల వీడియోలో ఇదేమీ ఉండదు.

ఇక 50 సెకన్లు మిగిలాయి, మామూలుగా అయితే కథ అయిపోవాలి. మామూలుగా టూర్ చివరి రోజు ఒక ఊరేగింపు లాంటిది, పసుపు జెర్సీ మీద ఎవరూ దాడి చేయరు, షాంపేన్ తాగుతూ ఫొటోలు దిగుతారు. 1989 ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్ళయిన సంవత్సరం. ఆ ఏడు చివరి దశను వెర్సాయ్ రాజభవనం నుంచి పారిస్ షాంజెలిజే దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌గా పెట్టారు. జులై 23. లెమాండ్ గెలవాలంటే కిలోమీటరుకి రెండు సెకన్లకు పైగా లాగాలి. ఇద్దరూ ఈ స్థాయివాళ్ళయినప్పుడు అది కుదరదని ఫ్రాన్స్ అంతా అనుకుంది.

బయటికి తెలియని విషయం ఒకటుంది. ఫిన్యోన్‌కి రెండు రోజులుగా సీటు దగ్గర పుండు. సైకిలిస్టులకి అది మామూలు జబ్బే, కానీ కూర్చోలేనంత నొప్పి. విలేకరులతో మాటల్లేవు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ప్రత్యర్థికి చెప్పే ప్రశ్నే లేదు.

లెమాండ్ హ్యాండిల్ వేరుగా ఉంది. ట్రయథ్లాన్ వాళ్ళ దగ్గర పుట్టిన రకం. మోచేతులు ఆనించి, రెండు చేతులూ ముందుకు చాపి, ఒళ్ళంతా బాణంలా కుదించి తొక్కొచ్చు. ఇప్పుడు మన సైకిల్ షాపుల్లో కూడా దొరుకుతాయి, ఏరో బార్లు అంటారు. తల మీద వెనక్కి సాగిన హెల్మెట్. ఫిన్యోన్‌కి మామూలు టైమ్ ట్రయల్ హ్యాండిల్, ముందూ వెనకా డిస్క్ చక్రాలు, బోడి తల, అదే... పోనీటెయిల్. ఫిజిక్స్ సింపుల్. ఆ వేగంలో కాళ్ళ శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపు చేయాలంటే గాలి కోసం పెట్టే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. కాబట్టి ఒంటిని కొంచెం చిన్నగా చేసుకున్నా ఫలితం పెద్దగా ఉంటుంది.

ఆ హ్యాండిల్‌ని అనుమతించాలా వద్దా అని తర్వాత బోలెడు వాదన జరిగింది. కానీ లెమాండ్ దాన్ని రెన్ రోజే వాడాడు. 17 రోజులు అందరి కళ్ళ ముందే ఉంది. పోటీవాడి కొత్త ఫీచర్ రెండు వారాలకు పైగా ప్రొడక్షన్‌లో నడుస్తుంటే, మన టీమ్ దాన్ని చూసి కూడా టికెట్ తెరవలేదు. నాకైతే అసలు తప్పు అక్కడ కనిపిస్తుంది. పోనీటెయిల్ దగ్గర కాదు.

లెమాండ్ ముందు బయల్దేరాడు, పసుపు జెర్సీ కాబట్టి ఫిన్యోన్ అందరికంటే చివర. దారిలో టైమ్ ఎంతో చెప్పొద్దని లెమాండ్ తన టీమ్ కారుకి ముందే చెప్పేశాడు. తల ఎత్తకుండా తొక్కాడు. 26 నిమిషాల 57 సెకన్లు. గంటకు 54.545 కిలోమీటర్లు. టూర్ టైమ్ ట్రయల్స్‌లో అప్పటిదాకా అంత వేగం లేదు. రోడ్డు కొంచెం వాలు, గాలి వెనక నుంచి, నిజమే, కానీ అవి అందరికీ ఉన్నాయి. మన నానక్‌రామ్‌గూడ దగ్గర సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద ఇదే దూరాన్ని నేను తొక్కి చూశాను. గంటా పది నిమిషాలు పట్టింది, మధ్యలో ఒక సెల్ఫీతో కలిపి.

లెమాండ్ గీత దాటి, గుంపులో నిలబడి గడియారం చూస్తున్నాడు. ఫిన్యోన్ ఇంకా రావాలి. 27:47 దాటితే టూర్ చేతులు మారుతుంది. ఫిన్యోన్ వచ్చేసరికి 27:55. యాభై ఎనిమిదిలోంచి యాభై పోతే ఎనిమిది.

ఇక్కడ నన్ను నిజంగా ఆపేసిన అంకె ఇంకొకటి ఉంది. ఆ రోజు పోటీలో ఉన్న 138 మందిలో ఫిన్యోన్ మూడో స్థానం. లెమాండ్ మొదటివాడు, తియెరీ మరీ రెండో, తర్వాత ఫిన్యోన్. కూర్చోలేని పుండుతో, గంటకు 52 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తొక్కాడు. అతను ఆ రోజు ఓడిపోలేదండీ. చాలా బాగా తొక్కాడు. ఇంకొకడు అంతకంటే బాగా తొక్కాడు, అంతే. అయినా ఆ ఎనిమిది సెకన్లన్నీ ఆ రోజు ఖాతాలోనే, ఆ జుట్టు ఖాతాలోనే రాసేశారు. సూపర్‌బాన్యేర్‌లో వచ్చిన 12 కాస్తా 21 అయి ఉంటే? బ్రియాన్సోన్ దారిలో పోయిన 13లో తొమ్మిది మిగిలి ఉంటే? ఆ సెకన్లూ ఈ సెకన్లూ ఒకటే. ఏ రోజు పోయిన సెకనైనా పొడవు అంతే ఉంటుంది. కానీ మూడో వారంలో బ్రియాన్సోన్ దగ్గర పోయిన సెకన్ల మీద ఎవరూ వీడియో చేయరు.

మా ఇంట్లో ఇలాంటి కథ ఒకటుంది. నేను ఎంసెట్ రాసినప్పుడు ఇంకా ఓఎంఆర్ షీట్లే. 160 బిట్లు, మూడు గంటలు. చివరి పది నిమిషాల్లో ఒక మ్యాథ్స్ బిట్‌కి జవాబు తెలిసి కూడా పక్క బబుల్ నింపేశాను. ఇంటికొచ్చి ఏడుస్తూ నాన్నకి చెప్పాను. అదే నేను చేసిన తప్పు, అంటే చెప్పడం. కొంచెంలో అనుకున్న కాలేజీ తప్పిపోయింది. అప్పటి నుంచీ ఎవరింటికెళ్ళినా, పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, "మావాడు ఒక్క బిట్టులో పోగొట్టుకున్నాడండీ" అని నాన్న ఒకటే మాట. అవతలివాళ్ళు నాలిక చప్పరించడం, నేను ప్లేట్ వైపు చూడడం.

నిజం ఏంటంటే, కెమిస్ట్రీలో ఇరవైకి పైగా బిట్లు నేను గుడ్డిగా పెట్టాను. ఆర్గానిక్ పూర్తిగా వదిలేశాను. రెండో ఏడాది దసరా సెలవులన్నీ క్రికెట్‌లో పోయాయి. వాటన్నిటికీ మార్కు ఒకటే, ఆ ఒక్క బిట్టుకీ మార్కు ఒకటే. కానీ ఇన్నేళ్ళలో "మావాడు ఆర్గానిక్ చదవలేదండీ" అని నాన్న ఎవరికీ చెప్పలేదు. ఒక్క బిట్టు కథలో నేను దురదృష్టవంతుణ్ణి, అసలు కథలో సోమరిని. ఆలోచిస్తే ఆయన నన్ను కాపాడుతున్నాడేమో అని కూడా అనిపిస్తుంది, కానీ అలా అనిపించడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఫిన్యోన్‌కి అలాంటి వెసులుబాటు కూడా లేదు. అతని కథలో సోమరితనం ఎక్కడా లేదు కదా. ఇంటర్వ్యూలు ఇవ్వడనీ, కెమెరాలని కసురుతాడనీ కోపం ఉన్న జనానికి ఆ పోనీటెయిల్ దొరికింది. పొగరుకి తగిన శాస్తి అన్నట్టు చెప్పుకోవడానికి వీలుగా ఉంది. లెమాండ్‌ని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. ఒంట్లో సీసం పెట్టుకుని, గెలుపంటే మర్చిపోయిన మనిషి, బలంలేని టీమ్‌తో వచ్చి గెలిచాడు. నెల తర్వాత షాంబెరీలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు, మరుసటి ఏడాది మళ్ళీ టూర్ గెలిచాడు. డోపింగ్ వల్ల మిగతా ఇద్దరి పేర్లూ కొట్టేశాక, ఇవాళ్టికీ టూర్ విజేతల పట్టికలో మిగిలిన ఒకే ఒక్క అమెరికన్ అతనే. డోపింగ్ మాట వచ్చింది కాబట్టి, తన రోజుల్లో తానూ మందులు వాడానని ఫిన్యోన్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అది కూడా లాగ్‌లో ఉండాల్సిందే.

1993లో ఫిన్యోన్ రేసులు మానేశాడు. రెండు టూర్లు, ఒక జిరో, రెండుసార్లు మిలాన్–సాన్ రేమో. ఎవరైనా రోడ్డు మీద గుర్తుపడితే మాత్రం ఎనిమిది సెకన్ల మాటే అడిగేవాళ్ళు. ఆ రేసు వీడియో చూడడం తనకి ఇష్టం ఉండేది కాదు. తర్వాత టీవీలో వ్యాఖ్యాతగా చేరాడు, జనానికి నచ్చాడు. మైకు దొరికాక ఆ కసురుకునే మనిషి బాగా మాట్లాడగలడని అందరికీ తెలిసింది.

2009లో క్యాన్సర్ అని బయటపెట్టాడు. 2010 జులైలో టూర్‌కి మళ్ళీ వ్యాఖ్యానం చెప్పాడు. అప్పటికి జబ్బు గొంతుదాకా వచ్చింది. స్వరం బొంగురుపోయి, ఒక్కోసారి మాట సగంలో ఆగిపోయేది. మూడు వారాలూ చెప్పాడు, ఒక్కో రోజూ, ఒక్కో కొండా, చివర పారిస్ దాకా. ఆగస్టు 31న చనిపోయాడు. వయసు 50.

క్యాంటీన్‌లో కథ విన్న ఆ ముగ్గురికీ ఈ లింక్ పంపిస్తున్నాను.